వెన్ను ఆపరేషన్ - పిక్కలో గడ్డ

వెన్నెముక శస్త్రచికిత్స అనగానే అందరి దృష్టీ వెన్ను మీదనే ఉంటుంది. విరిగిన పూస సరిగా కూర్చున్నదా, స్క్రూలు చోటు తప్పలేదు కదా, వెన్నుపాము మీద ఒత్తిడి తగ్గిందా అని ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి మళ్ళీ మళ్ళీ చూస్తాం. పరీక్షల్లో ప్రశ్నలు కూడా వాటి మీదనే పడతాయి. అయితే ఆపరేషన్ చక్కగా జరిగి, కుట్లు మానుతూ, రేపో మాపో ఇంటికి పోవలసిన రోగి ఒకనాటి పొద్దున లేపి కూర్చోబెట్టగానే "దమ్ము ఆడుత లేదు" అని ఛాతీ పట్టుకొని, నిమిషాల్లో చేతుల్లోంచి జారిపోవడం కూడా ఈ వార్డుల్లో ఉన్నదే. బంధువులు "గుండె ఆగింది" అనుకుంటారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. గుండె ఆగిన మాట నిజమే. దాన్ని ఆపింది మాత్రం కాలి పిక్కలో పుట్టి, పెద్ద సిర వెంట పైకి ప్రయాణించి, గుండె కుడి భాగంలోంచి ఊపిరితిత్తులకు పోయే ధమనిలో అడ్డం పడిన రక్తపు గడ్డ. పిక్కలోని గడ్డను డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అనీ, ఊపిరితిత్తికి చేరినదాన్ని పల్మనరీ ఎంబోలిజం అనీ అంటారు.

నేను ఈ కళాశాలలోనే చదువుకొని, ఎముకల విభాగంలో పనిచేస్తూ వచ్చినవాణ్ణి. సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా మా వార్డుకు వచ్చే రోగుల సంగతే రాయాలనుకున్నాను. ఈ రోగుల్లో ఎక్కువమంది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపులవారు. 2016 అక్టోబరు 11న వేరు జిల్లాల కేంద్రాలైన ఈ మూడు పట్టణాలూ అంతకు ముందు ఒకే వరంగల్ జిల్లాలోనివి. మూడూ వరంగల్‌కు అటూ ఇటూ 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. అంటే ఈ వ్యాసం చదివే తమ్ముళ్ళలో చెల్లెళ్ళలో కొందరు రేపు అక్కడే డ్యూటీ చేస్తారు. నేను చెప్పబోయేది వారి కోసమే ముఖ్యంగా.

ముందుగా మన రోగి ఎవరో చూద్దాం. పాశ్చాత్య గ్రంథాల్లో వెన్ను రోగి అంటే చాలావరకు నడుం నొప్పితో ముందే తేదీ తీసుకొని, ఆ ఉదయం తన కాళ్ళ మీద తాను నడిచి ఆసుపత్రికి వచ్చిన మనిషి. మన దగ్గర అటువంటివారు లేరని కాదు. డిస్కు జారినవాళ్ళూ, వయసు మీద పడి నరాల దారి ఇరుకైనవాళ్ళూ వస్తారు. కాని మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. జనగామ వైపు నుంచి తాడు మీది నుంచి పడ్డ గీత కార్మికుడు. మోకు, ముస్తాదు నడుముకున్నా కాలు జారితే నలభై యాభై అడుగుల నుంచి పిరుదుల మీద నేలకు వస్తాడు. ఆ దెబ్బకు ఛాతీ పూసలూ నడుం పూసలూ కలిసేచోట ఎముక పిండి అవుతుంది. (తాడు ఎక్కేవారి రక్షణ కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. తొడుక్కున్నంత మేరకు అది మా వార్డు భారం తగ్గించే పనే.) మహబూబాబాద్ వైపు నుంచి మిర్చి బస్తాల ట్రాక్టరు తిరగబడి కిందపడ్డవాళ్ళు, బావిలో పడ్డవాళ్ళు, చెట్టు మీంచి జారినవాళ్ళు. భూపాలపల్లి వైపు సింగరేణి గనులున్నాయి. బొగ్గు గనిలో పైకప్పు విరిగి వీపు మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. ఇక మోటారు సైకిలు మూడు జిల్లాలకూ ఉమ్మడి. వీళ్ళకు తోడు వెన్నుపూసకు క్షయ పట్టి, నెలల తరబడి నడుం నొప్పిని వాయువు నొప్పి అనుకొని, కాళ్ళు పడిపోయాక వచ్చేవాళ్ళు.

వీళ్ళందరిలో ఉమ్మడిగా ఉన్న అంశం ఒక్కటే. ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికే వీళ్ళు చాలా రోజులుగా కదలకుండా పడుకొని ఉన్నవాళ్ళు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న మాట కూడా దాని చుట్టే తిరుగుతుంది. గడ్డ నివారణకు గడియారం ఆపరేషన్ నాటి నుంచి కాదు, తాడు మొదట్లో పడ్డ నిమిషం నుంచి తిరగడం మొదలవుతుంది.

రక్తం అకారణంగా సిరల్లో గడ్డకట్టదు. జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో 1856 నాటికే ఈ విషయాన్ని లోతుగా పరిశీలించాడు. ఊపిరితిత్తిలో కనిపించే గడ్డ అక్కడ పుట్టినది కాదనీ, ఎక్కడో సిరలో పుట్టి కొట్టుకొచ్చినదనీ చూపించినవాడు ఆయనే. ఆయన పేరుతో మనం వల్లించే మూడు కారణాలు తెలిసినవే: రక్తం నిలిచిపోవడం, రక్తనాళపు గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. వెన్ను విరిగిన మనిషిలో ఈ మూడూ ఒక్కసారే కూడుతాయి.

మొదటిది చూడండి. మనం నడుస్తున్నప్పుడు పిక్క కండరాలు బిగిసి వదులై, లోపలి సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతాయి. సిరల్లోని కవాటాలు దాన్ని వెనక్కు జారనీయవు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. కాళ్ళు చచ్చుబడ్డ రోజున ఆ రెండో గుండె ఆగిపోతుంది. దానికి తోడు వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు రక్తనాళాలను బిగువుగా ఉంచే నాడుల అదుపు కూడా పోయి సిరలు వదులవుతాయి. రక్తం గుంటలో నీళ్ళవలె నిలుస్తుంది. రెండవది, పడ్డ దెబ్బా, ఆ తరువాత కత్తీ. మూడవది, పెద్ద గాయం తగిలిన శరీరం రక్తస్రావాన్ని ఆపుకోవడానికి గడ్డకట్టే పదార్థాలను ఎక్కువగా తయారు చేసుకోవడం. ఇది ప్రకృతి మనకిచ్చిన రక్షణే, కాని మంచాన పడ్డవాడికి అదే శత్రువవుతుంది. ఇక వీపు మీద ఆపరేషన్‌కు రోగిని గంటల తరబడి బోర్లా పడుకోబెడతాం. పొట్ట బల్లకు నొక్కుకుంటే లోపలి పెద్ద సిర అణిగి, కాళ్ళ నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. పొట్ట గాలిలో వేలాడేటట్లు ఛాతీకీ తుంటికీ మాత్రమే ఆధారమిచ్చే చట్రాన్ని రెల్టన్, హాల్ అనే ఇద్దరు 1967లో వివరించారు. వారి ఉద్దేశం ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గించడమే అయినా, బోర్లా పడుకున్నవాడి పొట్ట స్వేచ్ఛగా ఉండాలన్న పాఠం మన విషయానికీ పనికివస్తుంది.

కదలకపోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి వార్డు దాకా పోనక్కర లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, జనం రాత్రంతా నేలమాళిగల్లో మడత కుర్చీల్లో కూర్చొని గడిపేవారు. కుర్చీ అంచు తొడ వెనుక నొక్కుకొని, కదలిక లేక, వారిలో కొందరు ఊపిరితిత్తుల గడ్డతో చనిపోవడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించి రాశాడు. కుర్చీల బదులు పడుకునే బల్లలు ఉండాలన్నది అందులోంచి వచ్చిన పాఠం. బాంబు తప్పించుకున్నవాణ్ణి కుర్చీ చంపిందన్నమాట. అమెరికా విమానాలెక్కే మన పూర్వ విద్యార్థులు కూడా ఇది చదివి కాస్త లేచి అటూ ఇటూ తిరిగితే సంతోషిస్తాను.

"ఇవన్నీ తెల్లవాళ్ళ జబ్బులు, మనవాళ్ళకు రావు" అనే మాట నేను విద్యార్థిగా ఉన్ననాటి నుంచీ వింటున్నాను. పెద్దపెద్దవాళ్ళే అన్నారు. వారిని పూర్తిగా తప్పు పట్టలేను. వెన్నుపాము దెబ్బతిన్నవారిని ఏ నివారణా లేకుండా వదిలి, యంత్రాలతో వెతికితే సుమారు సగం మందిలో, కొన్ని పరిశీలనల్లో అంతకన్నా ఎక్కువమందిలో, కాళ్ళలో గడ్డలు కనిపించినట్లు పాశ్చాత్య దేశాల లెక్కలు చెపుతాయి. మన దేశంలో జరిగిన పరిశీలనల్లో ఆ సంఖ్య తక్కువగానే కనిపించింది. కాని తక్కువ వేరు, లేకపోవడం వేరు. పైగా మనం వెతికేదీ తక్కువే. ప్రపంచంలోని 32 దేశాల ఆసుపత్రుల్లో రోగులను పరిశీలించిన ఎండార్స్ అనే అధ్యయనం 2008లో వెలువడింది. అందులో మన దేశానికి సంబంధించిన భాగాన్ని హైదరాబాదు నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స నిపుణుడైన డాక్టర్ పింజల రామకృష్ణ 2012లో ప్రచురించారు. చూసిన 2058 మందిలో సగం పైచిలుకు గడ్డ ప్రమాదం ఉన్నవారే. అలా ప్రమాదం ఉన్నవారిలో నియమం ప్రకారం నివారణ అందినది వందకు 17 మందికి మాత్రమే. మనవాళ్ళకు ఈ జబ్బు రాదని తీర్మానించుకున్నాక ఇక నివారణ ఎవరిస్తారు? ఈ సంఖ్య వెన్ను రోగులది మాత్రమే కాదు, అన్ని వార్డులదీ. అయినా మన వార్డు వాటికి భిన్నంగా ఉంటుందని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

సరే, మందు ఉంది కదా, ఇచ్చేస్తే సరిపోదా అని విద్యార్థి అడగవచ్చు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

హెపారిన్ 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి చేతిలో బయటపడింది (విద్యార్థులు గమనించగలరు). దాన్ని తక్కువ మోతాదులో చర్మం కింద ఇచ్చి ఆపరేషన్ తరువాతి చావులను తగ్గించవచ్చని పెద్ద ఎత్తున రుజువు చేసినవాడు లండన్‌లో పనిచేసిన భారత సంతతి సర్జన్ విజయ్ కక్కర్. 1975లో వెలువడిన ఆ పరిశీలనలో 4121 మంది రోగులున్నారు. హెపారిన్ ఇవ్వనివారిలో 16 మంది, ఇచ్చినవారిలో ఇద్దరు ఊపిరితిత్తుల్లో పెద్ద గడ్డతో మరణించినట్లు శవపరీక్షలో తేలింది. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు 5000 యూనిట్లు, ఆ తరువాత ఎనిమిది గంటలకొకసారి, ఇదీ వారి పద్ధతి. ఇంత స్పష్టమైన ఫలితం వైద్యశాస్త్రంలో తరచుగా రాదు.

అయితే కక్కర్ రోగులకు ప్రధానంగా పొట్ట వగైరా ఆపరేషన్లు. పొట్టలో కాస్త రక్తం ఊరితే అది సర్దుకోవడానికి చోటుంది. వెన్ను కాలువ అలా కాదు. అది ఎముక గోడల మధ్య ఇరుకు సందు, దాని నడుమ వెన్నుపాము. అక్కడ కాస్త రక్తం చేరితే చాలు, వెన్నుపామును నొక్కి, నడుస్తున్న కాళ్ళను కూడా పడగొడుతుంది. వెన్ను ఆపరేషన్ల తరువాత ఇలా లక్షణాలు చూపే రక్తస్రావం వెయ్యికొకరి నుంచి వందకొకరి వరకు వస్తుందని లెక్కలు. తక్కువే కావచ్చు, కాని వచ్చినవాడికి అది నూటికి నూరు. తక్కువ అణుభారం గల హెపారిన్లు, అంటే ఎనాక్సాపారిన్ వంటివి, వాడుతున్నవారికి వీపులో మత్తుసూది వేస్తే వెన్ను కాలువలో రక్తం చేరి కాళ్ళు పడిపోయిన ఉదంతాలు పోగుపడి, 1997 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. కనుక వెన్ను సర్జన్ మందుకు భయపడటంలో న్యాయం ఉంది. ఆ భయంతో ఏమీ చేయకుండా కూర్చోవడంలోనే లేదు.

ఇటూ అటూ ప్రమాదమే అయినప్పుడు మిగిలేది వేళ. ఏది ఏ గంటకు అన్నదే మొత్తం విద్య.

రక్తస్రావం భయం లేని పనులు పడ్డ రోజునే మొదలు కావాలి. కాళ్ళకు గాలి సంచులు తొడిగి, యంత్రంతో నిమిష నిమిషానికీ నొక్కి వదిలే పద్ధతి ఉంది. ఆగిపోయిన రెండో గుండెకు అది మారుగుండె అన్నమాట. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవారిలో క్లాట్స్ 3 అనే బ్రిటిష్ పరిశీలన (2013, రోగులు 2876 మంది) ఇది పనిచేస్తుందని చూపింది. గడ్డలు వందకు 12 నుంచి 8.5కు తగ్గాయి. అదే బృందం 2009లో తొడల దాకా వచ్చే బిగుతు మేజోళ్ళను పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదు సరికదా చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. వాళ్ళు పక్షవాత రోగులే, వెన్ను రోగులు కారు. అయినా స్పర్శ లేని కాలికి మేజోడు తొడిగి మూడు రోజులు విప్పి చూడకపోతే ఏమవుతుందో ఊహించవచ్చు. మడమ దగ్గర మొదలయ్యే పుండు ఆ రోగికి తెలియదు, నొప్పి లేదు కనుక. తొడిగినవాళ్ళే రోజూ విప్పి చూడాలి. మేజోళ్ళ మీద నాకు పెద్ద నమ్మకం లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. యంత్రం లేనిచోట మనిషి చేతులున్నాయి. రోగి మడమ పట్టుకొని పాదాన్ని పైకీ కిందికీ గంటకు పదిసార్లు ఆడించడం పక్కనున్న తల్లికీ భార్యకూ పది నిమిషాల్లో నేర్పవచ్చు. యంత్రంతో సమానమని అనను. మంచం పక్కన ఊరికే కూర్చున్న చేతులకు పని దొరుకుతుంది, కీళ్ళు బిగుసుకోకుండానూ ఉంటాయి.

అయితే ఇక్కడొక హెచ్చరిక. మన పల్లెల్లో చచ్చుబడ్డ కాలికి నువ్వుల నూనె రాసి గట్టిగా పిసకడం ఆనవాయితీ. మహబూబాబాద్ అవతల నుంచి వచ్చిన ఒక తల్లి, పన్నెండు రోజులు ఇంట్లోనే ఉంచిన కొడుకును చూపిస్తూ, "కాలు మొద్దోలె అయింది సారూ, పొద్దుమాపు పిసుకుతనే ఉన్న" అన్నది. ప్రేమతో చేసిన పనే. కాని అప్పటికే లోపల గడ్డ ఉంటే ఆ పిసుకుడే దాన్ని కదిలించి పైకి తోలవచ్చు. గాలి సంచుల యంత్రానికీ ఇదే నియమం. మూడు రోజులకు పైగా ఏ నివారణా లేకుండా కదలక పడుకొని వచ్చిన రోగికి, అల్ట్రాసౌండ్ డాప్లర్‌తో కాళ్ళ సిరలు చూడకుండా యంత్రం తగిలించరాదు. ఆపరేషన్‌కు ముందు కూడా ఈ పరీక్ష అవసరం. గడ్డతో ఉన్నవాణ్ణి తెలియక బోర్లా తిప్పి బల్లకెక్కించడం అన్నిటికంటే అన్యాయం. మన రోగులు ఇలా ఆలస్యంగా రావడమే మామూలు కనుక, పుస్తకాల్లో ఎక్కడో మూలన ఉండే ఈ వాక్యం మన వార్డులో గోడ మీద ఉండాలి.

ఇక సూది మందు. ముందుగా తేదీ పెట్టుకొని చేసే మామూలు నడుం ఆపరేషన్‌లో, రోగి మరునాడే లేచి నడిచేటట్లయితే, చాలామందికి గాలి సంచులూ తొందరగా నడిపించడమూ చాలు. ఉత్తర అమెరికా వెన్ను నిపుణుల సంఘం 2009లో దాదాపు ఈ మాటే చెప్పింది. వయసు మళ్ళినవారు, కాన్సర్ ఉన్నవారు, ముందొకసారి గడ్డ వచ్చినవారు, ముందు నుంచీ వెనుక నుంచీ రెండు వైపులా పెద్ద ఆపరేషన్ జరిగినవారు, వీరికి మందు ఆలోచించాలి. 2018 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు అటువంటివారికి ఆపరేషన్ అయిన 24 నుంచి 48 గంటల మధ్య మొదలుపెట్టే ఆలోచన చేయమన్నాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారి సంగతి వేరు. కప్రిని పేరుతో ఉన్న లెక్కలో పెద్ద ఆపరేషన్‌కు 2 మార్కులు, 41 ఏళ్ళు దాటితే 1, నెల లోపల వెన్నుపాము దెబ్బ తగిలి ఉంటే దానికొక్కదానికే 5. ఐదు మార్కులంటేనే అందులో పెద్ద ప్రమాదపు తరగతి. వీరికి, రక్తస్రావం ఆగిందని రూఢి చేసుకొని, వీలైతే దెబ్బ తగిలిన 72 గంటల లోపలే మందు మొదలుపెట్టమని 2017లో అంతర్జాతీయ వెన్ను నిపుణుల బృందం సూచించింది. 72 గంటలు. మన రోగి ఊరి నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి వరంగల్‌కు, స్కానింగుకు, రక్తం సీసా దొరికేదాకా పడే తిప్పలు కలుపుకుంటే ఆ 72 గంటలు ఎక్కడో దారిలోనే గడిచిపోతాయి.

కనుకనే మొదటి చేయి జనగామలోనో భూపాలపల్లిలోనో పడాలంటాను. పంపే కాగితం మీద "వెన్ను దెబ్బ, రెఫర్డ్" అని రాస్తే సరిపోదు. పడ్డ తేదీ, గంట, కాళ్ళలో కదలిక ఉందా లేదా, హెపారిన్ జాతి సూది ఏదైనా ఇచ్చారా, ఇస్తే ఏ గంటకు, ఇవి రాయాలి. చివరిది మరీ ముఖ్యం. నివారణ మోతాదు ఎనాక్సాపారిన్ ఇచ్చాక కనీసం 12 గంటలు, చికిత్స మోతాదు అయితే 24 గంటలు గడవకుండా వీపులో మత్తుసూది పెట్టరాదని నియమం. కత్తికి కూడా దాదాపు అదే జాగ్రత్త. ఆ గంట తెలియకపోతే మత్తు డాక్టరు చేతులు కట్టేసినట్లే.

మందు పేరు రాయడానికి ముందు రోగి ఇంతకు ముందు మింగినవేమిటో కూడా అడగాలి. నడుం నొప్పికి ఊళ్ళో నెలల తరబడి నొప్పి బిళ్ళలు, నొప్పి సూదులు తీసుకున్నవారు మన దగ్గర కొల్లలు. అవి రక్తస్రావాన్నీ పెంచుతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు బాగా మందగించినవారిలో ఎనాక్సాపారిన్ శరీరంలో పేరుకుపోతుంది. అటువంటప్పుడు మోతాదు తగ్గించడమో, పాత హెపారిన్‌కు మారడమో చేయాలి. హెపారిన్ మొదలుపెట్టాక రెండో వారం దాకా ప్లేట్‌లెట్ల లెక్క మీద కన్నుండాలి. వెన్ను క్షయ రోగుల విషయంలో ఫార్మసీ విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవలసినది మరొకటి. క్షయకిచ్చే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి వార్ఫరిన్‌నూ, కొత్తగా వచ్చిన రివరాక్సబాన్, అపిక్సబాన్ బిళ్ళలనూ తొందరగా హరించేస్తుంది. బిళ్ళ వేస్తున్నామన్న తృప్తే తప్ప రక్తంలో మందు ఉండదు. హెపారిన్ సూదులకు ఈ బాధ లేదు.

ఇంత చేసినా గడ్డ రావచ్చు. దాన్ని పట్టుకోవడం ఎలా? పిక్క నొప్పి అని పుస్తకం అంటుంది. స్పర్శ పోయినవాడికి నొప్పి ఎక్కడిది? పాదాన్ని వెనక్కు వంచి నొప్పి చూసే పాత పరీక్ష మామూలు రోగుల్లోనే నమ్మదగినది కాదు, వీరిలో అసలే కాదు. డి-డైమర్ అనే రక్తపరీక్ష దెబ్బ తగిలిన ప్రతివారిలోనూ, కోసిన ప్రతివారిలోనూ పెరిగే ఉంటుంది. కాబట్టి నేను విద్యార్థులకు దర్జీ టేపు కొనుక్కోమంటాను. మోకాలి కింద ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలతా రోజూ ఒకే వేళకు తీసి షీటు మీద రాయాలి. తేడా 3 సెంటీమీటర్లు మించితే డాప్లర్‌కు పంపాలి. నాడి ఊరికే వేగంగా కొట్టుకోవడం, కారణం తెలియని సన్నపాటి జ్వరం, కొద్దిగా ఆయాసం, ఇవి కనిపించినప్పుడు కూడా "నిమ్మేమో" అని వదిలేయక ముందు ఊపిరితిత్తుల గడ్డను అనుమానించాలి. రెండో వైపు ప్రమాదాన్నీ అదే షీటు మీద చూడాలి. ఆపరేషన్ అయిన రోగికి వీపులో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి, నిన్న ఆడిన బొటనవేలు ఇవాళ ఆడకపోతే అది వెన్ను కాలువలో రక్తం. సూది ఆపి, స్కానింగు చేసి, గంటల్లో తెరవాలి. రౌండ్స్ దాకా ఆగితే కాలు పోతుంది.

మందుల గొడవలో పడి నీళ్ళను మరిచిపోతాం. జనరల్ వార్డులో ఆడవాళ్ళు, అందులోనూ చిన్నవయసువాళ్ళు, నీళ్ళు తాగరు. తాగితే బెడ్‌పాన్ అడగాలి, అడిగితే తెర లేదు, పక్క మంచం దగ్గర ఎవరి అన్నో తమ్ముడో కూర్చొని ఉంటాడు. ఏప్రిల్, మే నెలల ఎండలో పొద్దంతా గొంతు తడుపుకొని ఊరుకుంటారు. రక్తం చిక్కబడుతుంది. "నీళ్ళు తాగమ్మా" అని డాక్టరు పొద్దున చెప్పిపోతే సరిపోదు. ఒక తెర అడ్డం కట్టిస్తే అదీ గడ్డ నివారణే. దీన్ని నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు, మన వార్డే నేర్పింది.

ఇంటికి పంపేనాడు అసలు పరీక్ష. వెన్నుపాము దెబ్బతిన్నవారికి గడ్డ ప్రమాదం మొదటి రెండు వారాల్లో ఉచ్చస్థితిలో ఉండి, మూడు నెలల దాకా సాగుతుంది. కాళ్ళలో కదలిక రానివారికి కనీసం 8 వారాలు సూది అవసరమని అమెరికా వెన్నుపాము వైద్య మండలి చెప్పింది. బ్రిటన్ వారు 30 రోజులన్నారు. మన డిశ్చార్జి పది పదిహేను రోజులకే. అంటే ప్రమాదపు కాలంలో పెద్ద భాగం దేవరుప్పుల దగ్గరి ఒక ఇంట్లోనో, కొత్తగూడ అడవిలోని ఒక గూడెంలోనో, మహదేవపూర్ అవతల ఒక పల్లెలోనో గడుస్తుంది. అక్కడ ఆ సూది ఎవరు వేస్తారు? పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో మడతపెట్టి నిలువుగా గుచ్చడం నేర్పితే ఇంటర్ చదివిన చెల్లెలు వేయగలదు. వార్డులో ఉండగానే నాలుగుసార్లు ఆమె చేతనే వేయిస్తే భయం పోతుంది. ఆమె లేనిచోట ఉపకేంద్రంలోని ఏఎన్ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది. వారికి ఒక చీటీ రాసి ఇవ్వాలి. చీటీ తెలుగులో ఉండాలి. అందులో మందు పేరు, రోజుకు ఎన్నిసార్లు, ఏ తేదీ దాకా అన్నవి ఉండాలి. కాలు ఉబ్బినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా పిసకకుండా, నడిపించకుండా, పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలన్న రెండు వాక్యాలు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పడ్డ తేదీ కూడా పైన రాయాలి, ఎనిమిది వారాలు లెక్కపెట్టవలసింది దాని నుంచే కనుక.